పట్టాకు సన్మానం, సాగుకు నిరీక్షణ

2025 ఆగస్టు 2న రైతుల పేరుమీద ఒకే రోజు రెండు సభలు జరిగాయి. వారణాసిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ పీఎం కిసాన్ సమ్మాన్ నిధి 20వ విడతను విడుదల చేశారు. ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అన్నదాత సుఖీభవ తొలి విడతను ప్రారంభించారు. రెండుచోట్లా కోట్లలో అంకెలు వినిపించాయి, మీట నొక్కిన క్షణాన ఖాతాల్లో జమ అయిన సొమ్ము గురించి వినిపించింది. వినిపించనిది ఒక్కటే: ఆ సొమ్ము ఏ కాలానికి చెందినది? కేంద్రం ఇచ్చిన రూ.2,000 ఏప్రిల్-జులై కాలానికి ఉద్దేశించినది. ఆ కాలం ముగిసిన మూడోనాడు అది రైతు చేతికి వచ్చింది. రాష్ట్రం ఇచ్చిన రూ.5,000 వెనుక 2024 ఎన్నికల నాటి వాగ్దానం ఉంది. ఆ వాగ్దానానికి మొదటి వ్యవసాయ సంవత్సరం ఒక్క రూపాయి కూడా జమ కాకుండానే గడిచిపోయింది.

రైతుకు నేరుగా నగదు ఇవ్వాలన్న ఆలోచన తప్పని ఈ వ్యాసం వాదించదు. ఎరువుల రాయితీలో, రుణమాఫీలో మధ్యవర్తుల పాలయ్యే భాగంతో పోల్చితే, ఖాతాలో పడే రూపాయి నిస్సందేహంగా మెరుగైనది. ఆ రూపాయి ఎవరికి, ఎప్పుడు, ఏ హక్కుతో చేరుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. ఏడేళ్ల అనుభవం తరువాత కూడా ఈ మూడింటికీ చట్టం జవాబు చెప్పడం లేదు. మార్గదర్శకాలు, వెబ్‌సైట్‌లోని సూచనలు, సభావేదికలు జవాబు చెబుతున్నాయి.

కాలం ఎవరిది?

పీఎం కిసాన్‌ను 2019 ఫిబ్రవరి 1 నాటి మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించారు. 2018 డిసెంబరు నుంచే వర్తింపజేసి, 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభించారు. ఏడాదికి రూ.6,000, నాలుగు నెలలకొకసారి రూ.2,000 చొప్పున మూడు విడతలు. ఏప్రిల్-జులై విడత రైతుకు అన్నింటికంటే విలువైనది. నైరుతి రుతుపవనాలకు ముందు దుక్కి, విత్తనం, ఎరువు అన్నీ ఒక్కసారే చేతిలో డబ్బు కోరే కాలం అది. ఆ విడత వచ్చిన తేదీలను వరుసగా చూడండి. 2021లో మే 14. 2022లో మే 31. 2023లో జులై 27. 2024లో జూన్ 18. 2025లో ఆగస్టు 2. ఒకే పథకం, ఒకే కాలానికి చెందిన విడత, అయిదేళ్లలో మే మధ్య నుంచి ఆగస్టు దాకా సంచరించింది. మే నెలలో చేతికందిన రెండు వేలు పెట్టుబడి అవుతాయి. ఆగస్టులో అందిన రెండు వేలు అప్పటికే తెచ్చిన అప్పుకు వడ్డీ అవుతాయి. అంకె మారలేదు, దాని అర్థం మారిపోయింది.

ఆలస్యానికి సాంకేతిక కారణాలు ఉండవచ్చు. అయితే విడుదల జరిగిన ఊళ్ల పేర్లు మరో కథ కూడా చెబుతాయి. 2023 జులైలో రాజస్థాన్‌లోని సీకర్, అదే ఏడాది చివర ఆ రాష్ట్రంలో ఎన్నికలు. 2023 నవంబరు 15న ఝార్ఖండ్‌లోని ఖూంటీ నుంచి 15వ విడత, రెండు రోజుల తరువాత మధ్యప్రదేశ్‌లో పోలింగ్. 2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాశిమ్, మరుసటి నెలలోనే ఆ రాష్ట్రంలో ఎన్నికలు. 2025 ఫిబ్రవరిలో బిహార్‌లోని భాగల్‌పూర్, అదే ఏడాది నవంబరులో బిహార్ తీర్పు. ప్రతి విడత వెనుకా ఎన్నికల లెక్క ఉందని వీటి ఆధారంగా నిర్ధారించడం తొందరపాటు అవుతుంది. కానీ ప్రభుత్వ ఉద్యోగి జీతం నెలాఖరున ఏ వేదికా లేకుండానే జమ అవుతుంది, పింఛనుదారుకు ఏ మీటా నొక్కకుండానే పింఛను అందుతుంది. రైతు సాయానికి మాత్రం ఒక ఊరు, ఒక వేదిక, ఒక నాయకుడి తీరిక కుదరాలి. తేదీని పంట నిర్ణయించనప్పుడు మరేదో నిర్ణయిస్తుంది.

ఈ జబ్బు కేంద్రానికే పరిమితం కాదు. తెలంగాణ రైతుబంధు చరిత్రలో ఆరు నెలల వ్యవధిలో ఎన్నికల సంఘం రెండుసార్లు చెల్లింపులకు అడ్డుకట్ట వేసింది. 2023 నవంబరులో శాసనసభ పోలింగ్‌కు ముందు ఇచ్చిన అనుమతిని, నాటి మంత్రి హరీశ్‌రావు ఎన్నికల సభలో దాన్ని చాటుకున్నారన్న కారణంతో నవంబరు 27న ఉపసంహరించుకుంది. 2024 మేలో, ఫలానా తేదీలోగా సొమ్ము జమ అవుతుందని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సభలో చెప్పినందుకు, మే 13 నాటి లోక్‌సభ పోలింగ్ ముగిసేదాకా చెల్లింపులను నిలిపివేసింది. రెండు సందర్భాల్లోనూ నియమం ఉల్లంఘించినది నాయకులు, శిక్ష పడినది రైతుకు. ఒక పార్టీ మంత్రి మాటకూ, మరో పార్టీ ముఖ్యమంత్రి మాటకూ యాసంగి రైతే మూల్యం చెల్లించాడు. సాయం ఫలానా తేదీన అందాలని చట్టంలో ఉండి ఉంటే, చాటుకోవడానికీ ఏమీ ఉండేది కాదు, ఆపడానికీ ఏమీ ఉండేది కాదు.

ఆ తరువాత తెలంగాణలో 2024 వానాకాలం సాయమే లేకుండా గడిచింది. ఎకరాకు ఏడాదికి రూ.15,000 ఇస్తామన్న ఎన్నికల హామీ, 2025 జనవరి 26న రైతు భరోసా మొదలయ్యేసరికి రూ.12,000 అయింది. ఆ యాసంగి సొమ్ము విస్తీర్ణాన్ని బట్టి దఫాలవారీగా నడిచింది. అయితే అదే ప్రభుత్వం 2025 జూన్‌లో వానాకాలం సాయాన్ని తొమ్మిది రోజుల్లో పంపిణీ చేసి చూపించింది. ఇది అభినందించదగినదే. దానితోపాటు ఒక సాకును కూడా అది శాశ్వతంగా తొలగించింది. సంకల్పం, నిధులు ఉన్నప్పుడు తొమ్మిది రోజులు చాలునని ప్రభుత్వమే నిరూపించింది గనుక, ఇకమీదట నెలల ఆలస్యాన్ని యంత్రాంగంమీద నెట్టడం కుదరదు.

అర్హత: కాగితంలో ఉన్నవాడు, కాగితం లేనివాడు

మొదట పీఎం కిసాన్ రెండు హెక్టార్లలోపు సన్న, చిన్నకారు రైతులకే పరిమితం. 2019 మే 31న, రెండోసారి ఏర్పడిన మోదీ ప్రభుత్వ తొలి మంత్రివర్గ సమావేశం ఆ పరిమితిని తొలగించి, భూమి ఉన్న రైతు కుటుంబాలన్నింటికీ వర్తింపజేసింది. లబ్ధిదారులు పద్నాలుగున్నర కోట్ల దాకా ఉంటారని నాటి అంచనా. ఆదాయపు పన్ను చెల్లించేవారికి, రూ.10,000కు పైగా పింఛను పొందేవారికి, దిగువ శ్రేణి మినహా ప్రభుత్వోద్యోగులకు, ప్రజాప్రతినిధులకు, వృత్తిలో ఉన్న వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్ల వంటి వారికి వర్తించదన్నారు. ఇవి న్యాయమైన మినహాయింపులే. చిక్కు మరోచోట ఉంది. ఈ పథకం దృష్టిలో రైతు అంటే 2019 ఫిబ్రవరి 1 నాటికి భూరికార్డులో పేరున్న వ్యక్తి. వారసత్వంగా సంక్రమించిన భూమికి తప్ప, ఆ తేదీ తరువాత యాజమాన్యం మారితే అర్హత లేదు. 2020లో కూడబెట్టిన సొమ్ముతో ఎకరం కొనుక్కుని దున్నుకుంటున్న మనిషి, ఆ నిబంధన ఉన్నంతకాలం ఈ దేశపు లెక్కలో రైతు కాడు. తాత్కాలిక సౌలభ్యం కోసం పెట్టుకున్న గడువు తేదీ ఏడేళ్ల తరువాత శాశ్వత ప్రాకారమైంది. 2025లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఇటువంటి కేసులను, ఒకే కుటుంబంలో ఒకరికి మించి పొందుతున్న కేసులను అనుమానాస్పదమైనవిగా గుర్తించి, క్షేత్రస్థాయి పరిశీలన పూర్తయ్యేదాకా చెల్లింపులను నిలిపివేసింది.

నిలిపివేత ముందు, పరిశీలన తరువాత. ఈ వరుస క్రమమే అర్హత సమస్యకు మూలం. అనర్హులకు సొమ్ము చేరిన మాట నిజమే. 42 లక్షల మంది అనర్హులకు దాదాపు రూ.3,000 కోట్లు వెళ్లాయని 2021 జులైలో ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. ఆ జాబితాలో అస్సాం మొదటి స్థానంలో నిలిచింది. అంతకుముందు ఏడాది తమిళనాడులో లక్షల సంఖ్యలో బోగస్ నమోదులు బయటపడ్డాయి. ప్రజాధనం దుర్వినియోగమైనప్పుడు జల్లెడ పట్టడం ప్రభుత్వ ధర్మం. అయితే ఆ జల్లెడ ఎలా పనిచేసిందో అంకెలే చెబుతాయి. 2022 మేలో విడుదలైన 11వ విడత 10 కోట్లకు పైగా రైతులకు, దాదాపు రూ.21,000 కోట్లు. ఈ-కేవైసీ, భూరికార్డుల అనుసంధానం అమలులోకి వచ్చాక, అదే ఏడాది అక్టోబరు 17న విడుదలైన 12వ విడత 8 కోట్లకు పైగా రైతులకు, రూ.16,000 కోట్లు. ఒక్క విడతలో సుమారు రెండు కోట్ల పేర్లు రాలిపోయాయి. వీరంతా దొంగ రైతులేనా? 2023 నవంబరులో మొదలైన వికసిత భారత్ సంకల్ప యాత్రలో కోటిమందికి పైగా అర్హులను చేర్చామని ప్రభుత్వమే సగర్వంగా ప్రకటించుకుంది. 2025 ఫిబ్రవరి విడత నాటికి సంఖ్య మళ్లీ 9.8 కోట్లకు చేరింది. అదే ఏడాది నవంబరు 19న కోయంబత్తూరు నుంచి విడుదలైన 21వ విడతలో తిరిగి 9 కోట్లకు దిగింది. చేర్చవలసిన అర్హులు కోటికి పైగా బయట ఉండిపోయారంటే, ఆ జల్లెడ రాళ్లను మాత్రమే ఏరలేదని, గింజలనూ పారబోసిందని అర్థం.

ఈ రాలిపోయిన వారి కథ గ్రామాల్లో తెలియనిది కాదు. పాసుపుస్తకంలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది. వెంకటేశ్వర్లు అన్న పేరును ఆంగ్లంలో ఒక్కో కార్యాలయం ఒక్కో విధంగా రాస్తుంది. అరవయ్యేళ్లు మట్టిలో పనిచేసిన వేళ్లమీద ముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించదు. ముఖ గుర్తింపుతో ఈ-కేవైసీ చేసుకునే సదుపాయం 2023 జూన్‌లో గాని రాలేదు. ఆధార్ ఆధారిత చెల్లింపులో సొమ్ము ఆధార్‌తో చివరిగా అనుసంధానమైన ఖాతాకు వెళుతుంది. రైతు నమ్ముకున్న ఖాతా అదే కావాలని లేదు. ఎప్పుడో ఎవరి మాటమీదో తెరిచి మరిచిపోయిన ఖాతాలో విడత పడితే, అది రానట్టే లెక్క. భర్త మరణించిన స్త్రీకి వారసత్వ మినహాయింపు కాగితంమీద ఉంది. కానీ మ్యుటేషన్ కావాలంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకారం కావాలి. బావమరుదులో మరుదులో సంతకం చేయకపోతే ఆమె సాగు చేస్తూనే ఉంటుంది, సాయం ఆగిపోతూనే ఉంటుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో స్త్రీల పేరున ఉన్నవి సుమారు 14 శాతమే. పొలంలో వంగిన నడుముల్లో వారి వాటా అంతేనని నమ్మేవారు పొలం చూడనివారు.

ఇక్కడ గమనించవలసిన సూత్రం ఒకటుంది. తప్పు రాష్ట్ర రికార్డులో ఉన్నా, బ్యాంకులో ఉన్నా, ఆధార్ నమోదు కేంద్రంలో ఉన్నా, దాన్ని దిద్దించుకునే భారం మాత్రం రైతుదే. తహసీల్దారు కార్యాలయం బ్యాంకుకు వెళ్లమంటుంది. బ్యాంకు వ్యవసాయాధికారిని అడగమంటుంది. వ్యవసాయాధికారి పోర్టల్ తెరిచి, పై స్థాయిలో పెండింగ్ ఉందంటాడు. రెండు వేల రూపాయల కోసం నాలుగు రోజుల కూలి, బస్సు చార్జీలు పోగొట్టుకున్న రైతు చివరికి అడగడం మానేస్తాడు. అడగడం మానేసినవాడు గణాంకాల్లో తొలగించిన అనర్హుడిగా మారతాడు. ప్రభుత్వం దాన్ని ఆదా అని పిలుస్తుంది.

కౌలుదారు లేని లెక్క

ఇంతవరకు చెప్పినదంతా భూమి ఉన్నవారి కష్టం. భూమి లేకుండా సాగుచేసే వారికి ఆ కష్టం కూడా అందుబాటులో లేదు. పీఎం కిసాన్‌లో కౌలు రైతుకు చోటు లేదు. తెలంగాణ రైతుబంధులోనూ లేదు. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన ఆ పథకం ఎకరాకు పంటకు రూ.4,000తో ప్రారంభమై, తరువాత రూ.5,000 అయింది. విస్తీర్ణానికి పరిమితి లేదు. యాభై ఎకరాలుండి, నగరంలో నివసిస్తూ, నాగలి పట్టనివారికి ఏడాదికి రూ.5 లక్షలు. ఆ భూమిలోనే అయిదెకరాలు కౌలుకు తీసుకుని, కౌలు ముందే చెల్లించి, నష్టమంతా తానే మోసే మనిషికి సున్నా. రైతు భరోసాలో సాగుయోగ్యం కాని భూములను తొలగిస్తామన్నారు. అది సరైన దిద్దుబాటు. కౌలు రైతులకూ ఇస్తామన్న హామీ మాత్రం అమలుకు నోచుకోలేదు. భూమిలేని ఉపాధి కూలీ కుటుంబాలకు రూ.12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఆ ఖాళీని పూరించదు. అది కూలికి ఇచ్చే ఆసరా, సాగుకు ఇచ్చే పెట్టుబడి కాదు.

ఆంధ్రప్రదేశ్ కొంత ముందుకు నడిచింది. కౌలు భూముల నిష్పత్తిలో ఆ రాష్ట్రం దేశంలోనే ముందుందని 2019 నాటి జాతీయ నమూనా సర్వే చెబుతోంది గనుక, నడవక తప్పలేదు కూడా. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 15న ఆరంభమైన వైఎస్సార్ రైతు భరోసా ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల భూమిలేని కౌలు రైతులకు సాయం ప్రకటించింది. కానీ సాగుదారు కార్డు రావాలంటే పదకొండు నెలల ఒప్పందంమీద భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకంతో యాజమాన్య హక్కుకు ఎటువంటి భంగమూ ఉండదని చట్టం స్పష్టంగా చెబుతుంది. అయినా యజమాని చేయి కదలదు. పాత కౌలుదారీ చట్టాల భయం ఒక కారణం. భూమిని చూపి తాను తీసుకున్న పంట రుణం, సాయం, బీమా ప్రశ్నార్థకం అవుతాయన్న లెక్క మరో కారణం. సంతకం చేయనందుకు ప్రయోజనం, చేసినందుకు అనుమానం. ఇటువంటి ఏర్పాటులో సంతకాన్ని ఔదార్యానికి వదిలేయడమంటే చట్టాన్ని అలంకారంగా మార్చడమే.

పట్టానే కొలబద్దగా పెట్టుకుంటే దాని పర్యవసానాలు పెట్టుబడి సాయంతో ఆగవు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమా, 18 నుంచి 59 ఏళ్లలోపు పట్టాదారు మరణిస్తే కుటుంబానికి రూ.5 లక్షలు అందిస్తుంది. ఎంతో మంచి పథకం. కానీ అప్పుల పాలై ప్రాణం తీసుకున్న కౌలు రైతు కుటుంబం ఆ గడప తొక్కలేదు. బతికుండగా అతడు సాయానికి రైతు కాడు, చనిపోయాక బీమాకు రైతు కాడు. అతడు పండించిన ధాన్యం మాత్రం రాష్ట్ర దిగుబడి లెక్కల్లో నిస్సంకోచంగా చేరుతుంది.

కౌలు రైతును గుర్తించడం అసాధ్యమన్న వాదన నిలవదు. పశ్చిమ బెంగాల్ కృషక్ బంధు పథకంలో నమోదైన బర్గాదారులు, అంటే పాలుదారులు, లబ్ధిదారులే. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా వారి పేర్లను రికార్డులకెక్కించింది గనుక నలభై ఏళ్ల తరువాత ఒక నగదు పథకానికి ఆ జాబితా సిద్ధంగా దొరికింది. ఒడిశాలో 2019 నాటి కాలియా పథకం భూమిలేని వ్యవసాయ కుటుంబాలకు జీవనోపాధి సాయం ఇచ్చింది. పీఎం కిసాన్ మార్గదర్శకాలే ఈశాన్య రాష్ట్రాల్లో, ఝార్ఖండ్‌లో వ్యక్తిగత పట్టాలు లేని సముదాయ భూములకు వేరే ధ్రువీకరణ పద్ధతిని అనుమతించాయి. పట్టా లేనిచోట సాగును ధ్రువీకరించే మార్గం నాగాలాండ్‌కు ఉండగా, గోదావరి జిల్లాలకు లేకుండా ఎందుకు పోవాలి? ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ప్రతి సర్వే నంబరులో ఏ పంట ఉందో, ఎవరు సాగుచేస్తున్నారో ఇప్పటికే రాసుకుంటోంది. సమాచారం ప్రభుత్వం చేతిలోనే ఉంది. దాన్ని గుర్తింపుగా మార్చే సాహసమే లేదు.

రైతు ఎవరన్న నిర్వచనం కూడా కొత్తగా వెతకనక్కరలేదు. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ సిఫార్సుల ఆధారంగా కేంద్రం 2007లో ఆమోదించిన జాతీయ రైతు విధానంలో కౌలుదారులు, పాలుదారులు, వ్యవసాయ కూలీలు, పోడు చేసుకునే గిరిజనులు, పశుపోషకులు అందరూ రైతులే. 2024 డిసెంబరులో చరణ్‌జిత్‌సింగ్ చన్నీ నేతృత్వంలోని పార్లమెంటరీ స్థాయీ సంఘం పీఎం కిసాన్ సాయాన్ని రూ.12,000కు పెంచాలని, కౌలు రైతులకూ కూలీలకూ విస్తరింపజేయాలని సిఫార్సు చేసింది. 2025 నవంబరు విడతలోనూ ఖాతాల్లో పడినది 2019లో పడిన అదే రూ.2,000. ఈలోగా పెరిగిన ధరలను లెక్కిస్తే దాని కొనుగోలు శక్తి నాలుగో వంతుకు పైగా తరిగిపోయింది. పెంచకపోవడం కూడా ఒక రకమైన కోతే.

అభ్యంతరాలు, జవాబులు

కౌలు రైతుకు సాయమిస్తే యజమాని ఆ మేరకు కౌలు పెంచుతాడు, చివరికి లాభం మళ్లీ యజమానిదే అన్నది బలమైన అభ్యంతరం. కొంతవరకు అది నిజం కూడా. కౌలు భూమికోసం పోటీ ఉన్న ప్రాంతాల్లో అలా జరగవచ్చు. అయినా పేరు నమోదు కావడంవల్ల వచ్చే ప్రయోజనం నగదుకంటే పెద్దది. పంట రుణం, పంట బీమా, తుపాను నష్టపరిహారం, మద్దతు ధర కొనుగోలు కేంద్రంలో సొంత పేరుతో అమ్మకం, ఇవన్నీ ఆ ఒక్క నమోదుతో తెరుచుకునే తలుపులు. వాటిని యజమాని కౌలులో కలుపుకోలేడు.

రెండో అభ్యంతరం ఖజానాది. అందరికీ ఇవ్వాలంటే డబ్బెక్కడిదంటారు. విస్తీర్ణంమీద పరిమితి పెట్టి, సాగుచేయని భూములను మినహాయిస్తే మిగిలే సొమ్ముతోనే ఈ విస్తరణలో కొంత భాగం సాధ్యమవుతుంది. మిగిలినది రాజకీయ ప్రాధాన్యాల ప్రశ్న. ఎన్నికల మేనిఫెస్టోలో రాసేటప్పుడు ఖజానా ఎంతుందో తెలియదని చెప్పే అవకాశం ఏ పార్టీకీ లేదు. బడ్జెట్ పత్రాలు అందరికీ అందుబాటులోనే ఉంటాయి.

మూడోది, కఠిన పరిశీలన లేకపోతే మళ్లీ బోగస్ లబ్ధిదారులు వస్తారన్న భయం. పరిశీలన వద్దని ఎవరూ అనడం లేదు. ముందు నోటీసు, కారణం, జవాబుకు గడువు, అప్పుడు నిలిపివేత అన్న వరుస కావాలి. ఒక అద్దె ఇల్లు ఖాళీ చేయించడానికే నోటీసు ఇవ్వవలసిన దేశంలో, రైతు పేరును జాబితానుంచి తొలగించడానికి నోటీసు అక్కరలేకపోవడం ఏ న్యాయం?

ఏం చేయాలి?

ప్రభుత్వం ఇతరులకు విధించిన నియమాలను తనకు తాను విధించుకుంటే చాలు, సగం సమస్య తీరుతుంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, చెరకు తోలిన 14 రోజుల్లో చక్కెర మిల్లు రైతుకు సొమ్ము చెల్లించకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనలు పరిహారం ఆలస్యం చేసిన బీమా సంస్థపై 12 శాతం వడ్డీ వేస్తాయి. 2005 ఉపాధి హామీ చట్టం కూలి ఆలస్యమైన ప్రతి రోజుకూ 0.05 శాతం పరిహారం నిర్దేశించింది. మిల్లు యజమాని ఆలస్యం చేస్తే నేరం, బీమా కంపెనీ ఆలస్యం చేస్తే లోపం, ప్రభుత్వం ఆలస్యం చేస్తే మాత్రం శుభవార్త కోసం నిరీక్షణ. ఈ తేడాకు సమర్థన లేదు.

కాబట్టి, మొదటిది: పెట్టుబడి సాయానికి చట్టం కావాలి. ఆహార భద్రతకు 2013లో చట్టం వచ్చింది గనుక, బియ్యం అందని కుటుంబానికి ఫిర్యాదు చేసే హక్కు, భత్యం కోరే హక్కు ఉన్నాయి. మార్గదర్శకాలమీద నడిచే పథకంలో రైతుకు ఉన్నది ఆశ మాత్రమే. ఖరీఫ్ సాయం మే 31లోగా, రబీ సాయం అక్టోబరు 31లోగా అందాలని, దాటితే వడ్డీతో చెల్లించాలని ఆ చట్టంలో ఉండాలి. ఎన్నికల కోడ్ ఉన్నా తేదీ మారకూడదు. ఏ నాయకుడూ మీట నొక్కనక్కరలేదు.

రెండవది: ఏ పేరును తొలగించినా, స్థానిక భాషలో, కారణంతో, నెల రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. ఆ గడువులో చెల్లింపు కొనసాగాలి. పొరపాటున ఆపినట్టు తేలితే బకాయిలన్నీ కలిపి ఇవ్వాలి. ఆగిపోయిన ఖాతాల జాబితాను కారణాలవారీగా గ్రామసభ ముందుంచాలి. ఎవరు బతికున్నారో, ఎవరు దున్నుతున్నారో ఊరికి తెలిసినంతగా ఏ పోర్టల్‌కూ తెలియదు. మూడవది: 2019 ఫిబ్రవరి 1 అన్న గడువు తేదీని ఎత్తివేసి, ఏటా ఒక తేదీన రికార్డులను తాజా చేయాలి. నాలుగవది: పంట నమోదులో సాగుదారుగా ఉన్న వ్యక్తిని, యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా, గ్రామసభ ధ్రువీకరణతో ఆ పంటకాలానికి రైతుగా గుర్తించాలి. యాజమాన్య హక్కుకు ఇది సాక్ష్యం కాదని అదే పత్రంమీద ముద్రించాలి.

ఈ నాలుగో అంశానికి ఇప్పుడే అత్యవసరం ఏర్పడింది. 2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం రూ.2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. దాని కింద 11 కోట్ల మంది రైతులకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇవ్వాలన్నది లక్ష్యం. రుణం, బీమా, మద్దతు ధర, నగదు సాయం అన్నీ క్రమంగా ఆ సంఖ్యకు ముడిపడతాయి. ఆ సంఖ్యకు పునాది మళ్లీ భూరికార్డే. పట్టా లేని సాగుదారును ఈ దశలో బయట ఉంచితే, ఇంతవరకు ఒక పథకానికి అనర్హుడైన మనిషి రేపు అన్ని పథకాలకూ ఒక్కసారే అనర్హుడవుతాడు. కాగితం చేసిన పొరపాటును గ్రామ కరణమో తహసీల్దారో మానవత్వంతో దిద్దగలిగిన సందర్భాలు పాతకాలంలో కొన్నైనా ఉండేవి. యంత్రంలో ఘనీభవించిన పొరపాటుకు ఆ వెసులుబాటు ఉండదు.

పథకం పేరులో సమ్మాన్ అన్న మాట ఉంది. సన్మానమంటే శాలువా కప్పి ఫోటో తీయించుకోవడం కాదు. ఇస్తానన్న రోజున ఇవ్వడం, ఆపితే ఎందుకు ఆపామో చెప్పడం, దున్నేవాడిని దున్నేవాడిగా గుర్తించడం. ఈ మూడింటికీ కొత్త పథకమూ కొత్త పేరూ అవసరం లేదు. రాబోయే ఖరీఫ్ విడత రుతుపవనాలకు ముందు వస్తుందా, తరువాత వస్తుందా అన్నదానితో పార్లమెంటూ శాసనసభలూ తమ పరీక్షను ప్రారంభించవచ్చు.